ఎడమకు తిరిగిన టోపీ

స్కాజిట్ లోయ, వాషింగ్టన్
1997 జూన్ 15

పెద్దమ్మా,

ఇక్కడ జూన్ సగమైపోయినా వాన వదలడం లేదు. స్ట్రాబెర్రీలు మొక్క మీదే కుళ్ళిపోతున్నాయని మేస్త్రీలు కనపడిన వాళ్ళందరి మీదా విరుచుకుపడుతున్నారు. నీ మోకాళ్ళ సంగతి రాయమంటే నువ్వెలాగూ రాయవు, మౌరా చేత రాయించు. నీ కోడలైనా నిజం చెబుతుంది.

ఎవరూ అడగకుండా ఎవరి ఫోటోలో తీస్తూ తిరగడం ఏం ఉద్యోగమే అని పోయిన ఉత్తరంలో అడిగావు. నగరంలో ఒక మ్యూజియం ఉంది. ఈ లోయల్లో, ఈ తోటల్లో మనవాళ్ళు ఎలా బతుకుతున్నారో ఏడాది పాటు ఫోటోలు తీసి ఇమ్మని నన్ను పెట్టుకుంది. మన మిస్తెకో జాతివాళ్ళు, పక్క రాష్ట్రం గెర్రెరో వాళ్ళు, కొండల అవతలి త్రికీలు, అందరూ ఇక్కడే ఉన్నారు. పండు తినేవాళ్ళకి కోసేవాళ్ళ మొహం తెలియదు, అది చూపించాలని మ్యూజియం ఆవిడ కోరిక. మంచి కోరికే.

కానీ మొహాలే దొరకడం లేదు. పొలం వెనక రేకుల గదుల్లో ఉంటారు వాళ్ళు. మొదట ఎవరూ రానివ్వలేదు. ఒకామె నా కెమెరాను చూసి, అది పోలీసు బిళ్ళకి మేనత్త కూతురు అని మన భాషలో అని తలుపేసుకుంది. పోయిన ఏడు పక్క లోయలో ఏదో పేపర్లో కూలీల ఫోటో పడిందట, ఆ పేపరు చేత్తో పట్టుకుని కాగితాలు లేనివాళ్ళని పట్టే మీగ్రా పోలీసులు వచ్చి ఒక్కొక్కరినీ ఏరుకుని సరిహద్దు దాటించారట. ఎంత నిజమో నాకు తెలియదు, భయం మాత్రం నిజం. వాళ్ళతో కూర్చుని తిని, పిల్లల్ని ఆడించాక అప్పుడు ఒప్పుకున్నారు, మొహం పడకూడదనే షరతు మీద. మాటిచ్చాను. అందుకని లారీ మీదకెక్కి పైనుంచి తీశాను. టోపీలు, వీపులు, చేతులు. కొన్ని పంపుతున్నాను.

వెళ్ళిన ప్రతి చోటా, కబురు లేకుండా పోయిన మన సెవెరియానో అన్న గురించి అడుగుతూనే ఉన్నాను. చానో అని పిలిపించుకునేవాళ్ళు చాలామందే తగిలారు, మన చానో కాదు. ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఆ ఊరు వదిలినదాన్ని, అన్నను చూస్తే గుర్తుపడతానా అని కూడా అప్పుడప్పుడు దిగులేస్తుంది. అయినా అడగడం మానను.

నీ చెల్లెలి కూతురు
ఒటీలియా


యుకునూ, వహాకా
1997 జులై 6

ఒటీలియాకి పెద్దమ్మ ఎపిఫానియా తన చేత్తో తనే రాస్తున్నది. అక్షరాలు వంకర పోతే సర్దుకో. మాస్టారి చేత రాయిస్తే ఆ ఉత్తరం నీకన్నా ముందు ఊరంతా చదువుతుంది.

ఫోటోలు చూసి మౌరా నవ్వింది. "అత్తా, మీ చెల్లెలి కూతురు అంత చదువూ చదివి వీపులు తీయడం నేర్చుకుంది" అంది. ఆ పిల్ల నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. నేనూ నవ్వాను. తర్వాత రెండో ఫోటో చేతిలోకి తీసుకున్నాక నాకు నవ్వు రాలేదు.

ఎర్ర గళ్ళ చొక్కా వేసుకుని, పెట్టెల పక్కన బాగా వంగి కోస్తున్నవాడు ఒకడున్నాడు. వాడి నెత్తి మీద ఉన్న టోపీ నేను అల్లింది.

నీకు తెలియదు, మీ అమ్మకి తెలుసు. చిన్నప్పుడు సన్నికల్లు పడి నా బొటనవేలు వంగకుండా పోయింది. ఈతాకు టోపీ నడినెత్తి దగ్గర మొదలు పెడతాం కదా, అందరి అల్లికా కుడికి తిరుగుతుంది, నాది ఎడమకు తిరుగుతుంది. మా అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా మారలేదు. ఈ కొండల్లో ఎడమకు తిరిగే అల్లిక నాదొక్కదానిదే. అదీకాక సంతకి ఇచ్చే టోపీలకు మేం అంచు కుట్టం, దళారి కుట్టించుకుంటాడు. నా కొడుకు సెవెరియానోది మాత్రం వాడు వెళ్ళే ముందు ఆకు ఆరిపోకుండా గుహలో కూర్చుని అల్లి, అంచు కూడా నేనే కుట్టాను, నల్లదారంతో రెండు వరుసలు. అద్దం పెట్టి చూశాను. రెండు వరుసలూ ఉన్నాయి.

వాడు వెళ్ళి రెండేళ్ళు దాటింది. సోనోరా నుంచి ఒక్క కార్డు, ఆ తర్వాత ఏమీ లేదు. రెండుసార్లు చనిపోయినవాళ్ళ పండగ వచ్చింది, రెండుసార్లూ పీఠం కట్టాను. మీ పెదనాన్న ఫోటో పెట్టాను, మీ అమ్మ ఫోటో పెట్టాను, వాడిది పెట్టలేదు. బతికున్నవాడి ఫోటో ఆ పీఠం మీద పెడితే చావుని పేరు పెట్టి పిలిచినట్టే. పెట్టకపోయి, వాడు పోయి ఉంటేనో? ఊళ్ళో చచ్చినవాళ్ళందరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళకొచ్చి తిని వెళ్తారు, నా కొడుకు మాత్రం గడప బయట నిలబడి, తన చోటు లేదని చూసుకుని వెళ్ళిపోతాడు. రెండు పాపాల్లో ఏది చేస్తున్నానో నాకు చెప్పేవాళ్ళు లేరు.

మౌరా సంగతి సరేసరి. ఇరవై మూడేళ్ళ పిల్ల. పెళ్ళయిన ఏడాదికే వాడు వెళ్ళాడు. మొగుడున్నాడని చెప్పలేను, లేడనీ చెప్పలేను. వాళ్ళమ్మ తీసుకుపోతానంటే నేను పంపలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇవన్నీ ఎవరితోనూ అనను, నీకు రాస్తున్నాను.

ఆ గళ్ళ చొక్కావాడి దగ్గరికి వెళ్ళు. నవంబరులో ఆ పండగ వచ్చే లోపల నాకు ఒక్క మాట కావాలి, ఉన్నాడనో లేడనో.

ఎపిఫానియా


స్కాజిట్ లోయ
1997 జులై 21

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి కూర్చోలేకపోయాను. వెంటనే నెగెటివ్ తీశాను.

నీకు ఒక విషయం చెప్పాలి. ఫోటో కడిగేటప్పుడు నెగెటివ్ తిరగేసి పెడితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఆ పొరపాటు నేను చాలాసార్లు చేశాను, ఒకసారి ఒక పెళ్ళికొడుకు చేత ఎడమచేత్తో సంతకం పెట్టించాను. ఇదీ అలాంటిదే అయితే అందరి టోపీలూ ఎడమకే తిరిగి ఉండాలి. పక్కవాళ్ళ టోపీలు చూశాను. వాళ్ళవి కుడికే ఉన్నాయి. పెట్టెల మీద అక్షరాలు కూడా సరిగ్గానే ఉన్నాయి. ఫోటోలో తప్పు లేదు. పెద్దది చేసి చూశాను, అంచు చుట్టూ నల్లదారం రెండు వరుసలూ కనిపించాయి.

టోపీ నీదే పెద్దమ్మా. టోపీ కింద ఎవరున్నారో నేను ఆ రోజు చూడలేదు. మొహాలు తీయనని మాటిచ్చి లారీ ఎక్కాను కదా, దిగాక కూడా ఎవరి మొహమూ పరీక్షగా చూడకపోవడమే మర్యాద అనుకున్నాను. ఆ మర్యాద మీద ఇప్పుడు నాకే కోపంగా ఉంది.

ఆ కూలీల ముఠా ఇప్పుడు నది అవతల రాస్ప్‌బెర్రీ తోటల్లో ఉందట. నా కారు గేరు పాడై మెకానిక్ దగ్గర ఉంది, రాగానే వెళ్తాను. మొహం ఫోటో తీయలేను, కానీ కళ్ళతో చూడకూడదని ఎవరూ అనలేదు. చూసి రాస్తాను. మౌరాకి అప్పుడే ఏమీ చెప్పకు.

ఒటీలియా


యుకునూ
1997 ఆగస్టు 4

ఒటీలియా,

మౌరాకి చెప్పకు అంటావేమిటే. ఒకే వంటింట్లో ఒకే పొయ్యి ముందు కూర్చునే ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియకుండా ఏదైనా ఉంటుందా? ఆ ఫోటోను పిండి డబ్బాకి ఆనించి పెట్టుకుంది, రొట్టెలు తడుతూ దాన్నే చూస్తుంది. భుజాలు ఇంత సన్నంగా ఉండేవి కావు అత్తా అంటుంది. రెండేళ్ళు వంగి పండ్లు కోస్తే నీ భుజాలూ సన్నబడతాయి అన్నాను.

చూసి రాయడం కాదు, చెవి పట్టుకుని టెలిఫోను దగ్గరికి లాక్కురా. ఫోనున్న దుకాణంలో మైకు పెట్టి నా పేరు పిలిస్తే పిలవనీ, ఊరంతా విననీ, ఈ ఒక్కసారికి నాకు సిగ్గు లేదు. వాడు సిగ్గుపడుతున్నాడేమో. పంపడానికి ఏమీ మిగల్లేదని ఉత్తరం కూడా మానేసినవాళ్ళు ఉన్నారు. తిట్టకు. తినిపించి మాట్లాడు. చిన్నప్పటి నుంచీ వాడు కడుపు నిండితే కానీ నిజం చెప్పడు.

ఇంకోటి ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తున్నాను. పైవీధి ఒదిలోన్ సరిహద్దు దాటి వెళ్ళి అక్కడ ఇంకొకదాన్ని పెట్టుకున్నాడు. చర్చి గంట కొట్టే ఆయన అల్లుడూ అంతే. వీడూ ఆ పని చేసి ఉంటే దాచకు. నాకు కోపం రాదు. బతికి ఉంటే చాలు, తర్వాతి సంగతి తర్వాత.

వానలు ఈ ఏడు బాగానే పడ్డాయి. మొక్కజొన్న నడుము దాకా వచ్చింది.

పెద్దమ్మ


స్కాజిట్ లోయ
1997 ఆగస్టు 19

పెద్దమ్మా,

ఉత్తరం ఆలస్యమైంది, క్షమించు. ఇక్కడ ఊపిరాడని పని. మ్యూజియం ఆవిడ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. ఫోటోలు బల్ల మీద పరుచుకుని, బావున్నాయి కానీ కళ్ళేవి అని అడిగింది. కళ్ళు లేకపోతే చూసేవాళ్ళ గుండె కరగదట. వాళ్ళ గుండె కరగడం కోసం వీళ్ళు ఇల్లు పోగొట్టుకోవాలా అన్నాను. ఆవిడ నొచ్చుకుంది. మంచి మనిషే పాపం, తనకి భయమంటే ఏమిటో తెలియదు, అంతే. ఏడాది చివర ప్రదర్శన పెడతారో లేదో ఇప్పుడు చెప్పలేను.

రేకుల గదుల్లో ఒకామెకి కాన్పయింది. మంత్రసాని పక్క గదిలోని త్రికీ ముసలమ్మే. పాపకి మొక్కజొన్న గంజి వాసన తగలాలని గది నిండా ఆవిరి పట్టించారు. నన్ను పేరు పెట్టమన్నారు, నాకు తోచలేదు. కారు బాగైంది, కానీ వానలో మళ్ళీ మొరాయిస్తోంది.

నువ్వు అడిగిన మనిషి సంగతి. ఆ ముఠా ఆపిల్ కోతకి కొండలు దాటి తూర్పుకు వెళ్ళిపోయిందట. నేను కలవలేకపోయాను. తోటలు చాలా దూరం, ఎక్కడున్నారో వాకబు చేస్తున్నాను. ఇంకొంచెం ఓపిక పట్టు పెద్దమ్మా. నీ ఆరోగ్యం చూసుకో. మందులు మానకు.

ఒటీలియా


స్కాజిట్ లోయ
1997 సెప్టెంబరు 3

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చో. మౌరాని పక్కన కూర్చోబెట్టుకో.

పోయిన ఉత్తరంలో ఆ మనిషిని కలవలేదని రాసింది అబద్ధం. అది రాయకముందే కలిశాను. ఫోన్ చేసి చెప్పాలని రెండుసార్లు బయలుదేరాను. దుకాణం మైకులో నీ పేరు వినపడుతుంది, నువ్వు పరుగెత్తుకొస్తావు, దుకాణమామె నీ పక్కనే చెవి పెట్టి నిలబడుతుంది. ఆ మాట నువ్వు అలా వినకూడదనుకున్నాను. రాద్దామంటే చెయ్యి ఆడలేదు. అందుకని గంజి గురించి, కారు గురించి రాసి నింపాను. నన్ను తిట్టు.

టోపీ పెట్టుకున్నవాడి పేరు నబోర్. గెర్రెరో మనిషి, ముప్పై దాటి ఉంటాయి, ఇద్దరు పిల్లలున్నారు. నేను టోపీ గురించి అడగగానే తీసి చేతిలో పట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు, మాట్లాడినంతసేపూ ఎండలోనే ఉన్నాడు.

సోనోరా దాటాక ఎడారిలో వాళ్ళు ఒకే గుంపులో నడిచారట. అన్నను అందరూ చానో అనే పిలిచారు. యుకునూ మనిషినని, వాళ్ళమ్మ ఎడమచేతివాటం అల్లిక అల్లుతుందని దారంతా టోపీ చూపించి నవ్వించాడట. తర్వాత రాళ్ళలో అన్న కాలు మడతపడింది. కొంత దూరం ఇద్దరు భుజాలు పట్టి నడిపించారు. నీళ్ళు అయిపోయాయి. దారి చూపేవాడు ఆగనన్నాడు. ఒక తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టి, అవతల ఊళ్ళోంచి మనుషుల్ని పంపుతామని చెప్పాడు. నబోర్ తల మీద అప్పటికి ఏమీ లేదు, వాడి టోపీ గాలికి పోయింది. అన్న తనది తీసి నబోర్ తల మీద పెట్టాడు. వద్దంటే ఇలా అన్నాడట:

"నీడలో కూర్చునేవాడికి టోపీ ఎందుకురా, నడిచేవాడికి కావాలి గానీ. పెట్టుకో. మా ఊరి వైపు వెళ్తే మా అమ్మకి ఇవ్వు."

అవతల ఊరు చేరాక దారి చూపేవాడు కనపడలేదు. ఎవరికైనా చెబితే తమను పట్టుకుంటారని మిగతావాళ్ళు భయపడ్డారు. ఎవరూ వెనక్కి వెళ్ళలేదు. ఆ చెట్టు ఎక్కడుందో నబోర్‌కి తెలియదు, రాళ్ళూ చెట్లూ అన్నీ ఒకలాగే ఉన్నాయంటాడు. అన్న పోయాడని వాడు చూడలేదు. కూర్చుని ఉండగానే వదిలి వచ్చాడు. ఇది నీకు చెప్పకుండా దాచలేను, చెప్పినందువల్ల నీకు ఆశ పుడితే దాన్ని చంపే ధైర్యమూ నాకు లేదు. ఆ ఎండలో ఎవరూ ఒకరోజు మించి ఉండరని ఇక్కడ తెలిసినవాళ్ళందరూ చెబుతారు.

టోపీ నీకు పంపమని నా చేతిలో పెట్టబోయాడు. నేను తీసుకోలేదు. నిన్ను అడిగి చెబుతానన్నాను. వాడు ఏడ్చాడు పెద్దమ్మా. నేనూ ఏడ్చాను.

ఒటీలియా


యుకునూ
1997 సెప్టెంబరు 5

ఒటీలియా,

ఆగస్టులో నువ్వు రాసింది నిన్న అందింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడరనుకుంటుందట.

నేను అడిగినది ఒక్క ముక్క. నువ్వు రాసింది నాలుగు పేజీలు, అందులో ఆ ముక్క చివర రెండు వరుసలు. పుట్టిన పాప గురించి, మ్యూజియం ఆవిడ కళ్ళ గురించి, నీ కారు గురించి రాశావు. ఎప్పుడూ లేనిది ఒక్క ఫోటో కూడా పెట్టలేదు. మందులు మానకు అని రాశావు. నేను మందులు ఎప్పుడు వేసుకున్నానే? మీ అమ్మ కూడా చిన్నప్పుడు అబద్ధం చెబితే ఇంతే, అవసరం లేనివన్నీ చెప్పేది.

నువ్వు వాణ్ణి చూశావు. వాడు చెప్పొద్దన్నాడు. ఇంకొకతె ఉంది, బహుశా పిల్లలు కూడా ఉన్నారు. వాడి మీద జాలిపడి నువ్వు దాస్తున్నావు. మగవాళ్ళు ఏడిస్తే కరిగిపోవడం మన ఇంటి ఆడవాళ్ళకి ఉన్న జబ్బే. నాకు కోపం రాదని రాశాను, నిజంగానే రాలేదు. ఉత్తరం మడిచి, పీఠం పెట్టే మూలకి వెళ్ళి, ఈ ఏడు కూడా వాడి చోటు ఖాళీగానే ఉండొచ్చని దేవుడికి దండం పెట్టుకున్నాను. రెండేళ్ళలో మొదటిసారి కడుపు నిండా తిన్నాను.

కానీ మౌరాకి న్యాయం జరగాలి. ఉత్తరాలతో అయ్యే పని కాదు, ఎదురుగా నిలబడితే వాడే తలొంచుకుంటాడు. ఇంటికి వస్తాడో తెగతెంచుకుంటాడో మొహం మీద చెప్పమను అని మౌరాతో అన్నాను. పిల్ల మొదట వద్దంది. ఆ భుజాలు ఆయనవి కావు అత్తా అని మళ్ళీ అదే పాట. నీకు మొగుడి మీద కంటే వాడి భుజాల మీదే నమ్మకమా అని అరిచాను. తర్వాత ఒప్పుకుంది. పక్క ఊరి నుంచి ఒక గుంపు వెళ్తుంటే వాళ్ళతో ఈ తెల్లవారే పంపాను. నీ చిరునామా లంగా అంచులో పెట్టి కుట్టాను. నేనే కుట్టాను, ఊడదు.

నీ దగ్గరికి చేరగానే అన్నం పెట్టి, వాడున్న చోటికి తీసుకెళ్ళు. ఇకనైనా ముసుగులో గుద్దులాట ఆపు. అన్నావదినల మధ్య నువ్వు మాట్లాడకు, బయట నిలబడు.

పెద్దమ్మ


స్కాజిట్ లోయ
1997 సెప్టెంబరు 20

పెద్దమ్మా,

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఎదురుపడి, పలకరించుకోకుండా ఎవరి దారిన అవి వెళ్ళిపోయాయి.

మౌరా రాలేదు. దుకాణానికి రోజూ ఫోన్ చేస్తున్నాను, వానలకి తీగలు తెగి లైను లేదంటున్నారు. అందుకని ఇది రాస్తున్నాను, వేరొకటి పట్టణానికి వెళ్ళే బస్సు డ్రైవరు పేరు మీద కూడా పంపుతున్నాను. ఏది ముందు అందితే దానికి జవాబు రాయి.

ఏ గుంపుతో వెళ్ళింది? దారి చూపేవాడి పేరేమిటి? సోనోరా మీదుగానా, ఇంకో వైపా? ఏ రంగు లంగా? ఏ చెప్పులు? వీటన్నిటికీ జవాబు కావాలి. సరిహద్దు దగ్గర ఆసుపత్రులకి ఫోన్ చేశాను. అక్కడ ఒక ఫాదర్ ఉన్నాడు, తప్పిపోయినవాళ్ళని వెతుకుతాడు, ఆయనతో మాట్లాడాను. మన కాన్సులేటుకి వెళ్ళి క్యూలో నిలబడ్డాను. అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆమె ఫోటో ఉందా అని.

నా దగ్గర లేదు. గది నిండా పెట్టెలున్నాయి, పెట్టెల నిండా ఫోటోలున్నాయి, మౌరాది ఒక్కటీ లేదు. ఆమెను నేను చూడనే లేదు. ఎలా ఉంటుందో కూడా ఫాదర్‌కి చెప్పలేకపోయాను. ఇరవై మూడేళ్ళు, బాగా నవ్వుతుందట అని చెప్పాను. ఆయన అది కూడా రాసుకున్నాడు.

ఆగస్టులో నిజం రాసి ఉంటే ఆమె ఇప్పుడు నీ పొయ్యి ముందు ఉండేది. ఇది నీకు తెలుసు, నాకూ తెలుసు. దీని గురించి నేను ఇంకేమీ రాయను, రాసినా ప్రయోజనం లేదు. ముందు ఫోటో పంపు. ఎంత పాతదైనా, ఎంత చిన్నదైనా పరవాలేదు. మొహం కనపడితే చాలు.

నబోర్ తన ముఠాలో అందరికీ చెప్పాడు. వాళ్ళు తెలిసినవాళ్ళకి చెబుతున్నారు. రేకుల గదిలో నా మొహం మీద తలుపేసినామె నిన్న నా దగ్గరికి వచ్చి, నీ వదిన ఫోటో వస్తే ఇవ్వు, మా చెల్లెలు అరిజోనాలో ఉంది, గోడలకి అంటిస్తుంది అంది.

ఒటీలియా


యుకునూ
1997 అక్టోబరు 30

ఒటీలియాకి,

నీ సెప్టెంబరు ఉత్తరాలన్నీ ఒకేసారి వచ్చాయి. కొండ విరిగిపడి దారి మూసుకుపోయింది, నెల పైగా ఊళ్ళోకి ఏమీ రాలేదు. నువ్వు అడిగినవన్నీ విడిగా కాగితం మీద రాసి పెట్టాను, దారి చూపేవాడి పేరూ, లంగా రంగూ. ఆ దారి చూపేవాడు తిరిగి రాలేదు. ఆ గుంపులో ఇంకో ఇంటి పిల్లాడు కూడా ఉన్నాడు, వాళ్ళకీ కబురు లేదు.

మౌరా వాళ్ళమ్మ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు ఆగస్టు గురించి రాశావు. నువ్వు దాచావు, నిజమే. పంపింది మాత్రం నేను. వద్దన్న పిల్లని అరిచి పంపాను. ఆ భుజాలు వాడివి కావని ఆమె మొదటి రోజే చెప్పింది, మొగుణ్ణి ఏడాదే చూసినా సరిగ్గా చూసింది. నేను ఇరవై ఏడేళ్ళు పెంచి టోపీని చూశాను.

నబోర్ నా కొడుకు పోవడం చూడలేదన్నావు. మొదట రెండు రోజులు ఆ మాటే పట్టుకుని వేలాడాను. తర్వాత తెలిసింది. వాడు టోపీ తీసి ఇంకొకడి తల మీద పెట్టాడంటే వాడికి అర్థమైపోయింది. వాడికే తెలిసినదాన్ని నేను కాదనడం ఏం బాగుంటుంది. ఆ టోపీ నాకు పంపొద్దు. ఎండలో పని చేసేవాడు, పెట్టుకోమను. అరిగిపోతే అంచు కొలత పంపమను, ఇంకొకటి అల్లుతాను. చెట్టు కింద వదిలినందుకు నేనేమైనా అంటానన్న భయం పెట్టుకోవద్దని కూడా చెప్పు.

ఈ ఏడు వాడికి పీఠం కట్టాను. బంతిపూలు తెచ్చాను, చెరకుగడల తోరణం పెట్టాను, మిరపకాయలు నూరి మోలే పులుసు వండాను. నీళ్ళు మాత్రం ఎప్పటిలా గ్లాసులో కాకుండా కుండ నిండా పెట్టాను. దాహంతో వస్తాడు.

ఇక ఫోటో. వాడు ఒక్కడే ఉన్న ఫోటో మా ఇంట్లో లేదు. ఆ పిల్ల ఒక్కతే ఉన్నదీ లేదు. ఉన్నది పెళ్ళయిన కొత్తలోది ఒక్కటి, తిరునాళ్ళలో వెనక బొమ్మల తెర కట్టి ఫోటోలు తీసేవాడు తీశాడు. ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. అలాగే పీఠం మీద పెడితే ఆమెను కూడా పెట్టినట్టే, అది నేను చచ్చినా చెయ్యను. అందుకని కత్తెర తీసుకుని మధ్యకి కోశాను. పీఠం మీద పెట్టుకోవాల్సిన సగం నేను ఉంచుకున్నాను, వెతకాల్సిన సగం నీకు పంపుతున్నాను. మొహం బాగా పడింది, కొంచెం కళ్ళు చిట్లించింది గానీ ఆమే.

ఆమె భుజం మీద ఒక చెయ్యి ఉంటుంది చూడు, వాడిది. అదీ తీసేద్దామని కత్తెర పెట్టాను, తీస్తే ఆమె భుజం కూడా పోతుంది. అలాగే వదిలేశాను. పీఠం మీద నా కొడుకు ఒక చెయ్యి లేకుండా ఉన్నాడు, పరవాలేదు, తల్లి ఇంటికే కదా వచ్చేది. నువ్వు మాత్రం నలుగురికీ చూపించే ముందు ఆ చేతి మీద కాగితం ముక్క అంటించు. చనిపోయినవాడి చెయ్యి ఆ పిల్ల మీద ఉండకూడదు.

గోడల మీద అంటించడానికి ఎన్ని కావాలంటే అన్ని తీసుకో, ఇది మాత్రం పని అయ్యాక నాకు తిరిగి పంపు. ఆమె మొహం ఇంట్లో ఇంకెక్కడా లేదు.

ఎపిఫానియా